మళ్ళీ మేడం గారు, వినేవాడి కుర్చీ

పంతొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరం జూన్ పద్నాలుగో తేదీ సోమవారం ఉదయం మా సంస్థలో గణాంక సహాయకురాలిగా ప్రవేశించి, ముప్పై రెండేళ్ల సుదీర్ఘమైన, నిష్కళంకమైన సేవ అనంతరం ఈ నెలాఖరున శిక్షణ, పరిశోధన నిధుల విభాగాధిపతిగా పదవీ విరమణ చేయనున్న గౌరవనీయురాలు, మనమందరం చాటున ‘మళ్ళీ మేడం’ అనీ ఎదురుగా ‘మేడం’ అనీ పిలుచుకునే ఆ విదుషీమణి మీద నాకొక ఫిర్యాదు ఉన్నది. ఎనిమిదేళ్ల కిందట ఆవిడ నా కుర్చీ తీసేసుకున్నారు. ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు.

అభినందన సంచికలో ఫిర్యాదేమిటని, ఈ సంచిక పని చూస్తున్న లైబ్రేరియన్ గారు నాకు రెండుసార్లు నచ్చజెప్పారు. “బాబాయ్, నాలుగు మంచి ముక్కలు రాసి, చివర ఆయురారోగ్యాలు కోరి ముగించు. నీకెందుకీ గొడవ?” అన్నారు. మంచి ముక్కలు రాయడానికి పెద్ద చదువులవాళ్ళు చాలామంది ఉన్నారు. వారి వ్యాసాలు నా వ్యాసానికి ముందూ వెనకా ఉండనే ఉంటాయి. నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. సెమినార్ హాలు తాళాలు, మైకులు, తెరలు, కుర్చీలు నా అధీనంలో ఉంటాయి గనుక అందరికీ ‘హాలు బాబాయ్’ని. అటువంటి నన్ను రాయమన్నది మేడం గారే. “మీ ఫిర్యాదుతోనే మొదలుపెట్టండి” అన్నది కూడా ఆవిడే. ఎందుకన్నారో చివరికి మీకే తెలుస్తుంది.

ఆవిడ చేరేనాటికి నేను రెండేళ్లుగా ఈ ఆసుపత్రిలో స్ట్రెచర్ తోస్తున్నాను. గణాంక విభాగం అంటే అప్పట్లో మెట్ల కింద గది. రెండు బల్లలు, ఒక ఇనుప బీరువా, చొక్కా వీపుకు అంటుకునేంత ఉక్క. ఆ గదిలో పనిచేసినవాళ్ళు సాధారణంగా ఆ గదిలోనే ముసలివాళ్ళయ్యేవారు. మేడం గారు మాత్రం నిలకడగా కూర్చునే మనిషి కాదు. రక్తపోటు పట్టికలో ఒకే రోగికి మూడు వారాలు వరుసగా ఒకే అంకె కనబడితే, ఆ కాగితం పట్టుకుని వార్డుకు నడిచి, ఆ మనిషి చేతికి పట్టీ వేయించి, తన ఎదుట మళ్ళీ కొలిపించేవారు. నర్సులు విసుక్కునేవారు. “లెక్కలావిడకి వార్డులో ఏం పనమ్మా?” అని మొహం మీదే అడిగారొకసారి. “లెక్క ఇక్కడే కదమ్మా పుట్టింది, పుట్టిల్లు చూసిపోదామని వచ్చాను” అన్నారావిడ. ఆ తెగువను గుర్తించిన అప్పటి పెద్దలు నాలుగేళ్లు తిరక్కుండానే ఆవిడను ఔషధ పరీక్షల వార్డుకు సమన్వయకర్తగా నియమించారు.

ఆ వార్డులోనే ఆవిడకు ‘మళ్ళీ మేడం’ అన్న పేరు వచ్చింది. ఆ కథ చాలామంది చాలా రకాలుగా చెబుతారు. స్ట్రెచర్ తోసింది నేను గనుక నా మాట నమ్మండి.

రక్తపోటుకు ఒక కొత్త బిళ్ళను పరీక్షిస్తున్నారప్పుడు. ఒక లేత్ మిషన్ పనివాడు అందులో చేరాడు. బాగా లెక్కగల మనిషి. చేరిన పదిహేను రోజులకు స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడి, తల పగిలి, నా స్ట్రెచర్ మీదే లోపలికి వచ్చాడు. కుట్లు వేశాక మేడం గారు మంచం పక్కన నిలబడి అడిగారు.

“బిళ్ళలు ఎలా వేసుకుంటున్నారండీ?”

“పూటకి రెండమ్మా.”

“ఒకటే కదండీ చెప్పింది?”

“డాక్టరు గారే చెప్పారమ్మా, సగం నిజం బిళ్ళలు, సగం ఉత్తుత్తి బిళ్ళలు, ఏది ఏదో తనకి కూడా తెలియదని. ఒకటే వేసుకుంటే ఉత్తది పడొచ్చు. రెండేసుకుంటే ఒకటన్నా నిజంది పడదా? నాకా మాత్రం లెక్క తెలియదా?”

అతని డబ్బాలో ఉన్నవన్నీ నిజం బిళ్ళలే. పూటకు రెండు పడ్డాయి.

ఆ పరీక్ష నడుపుతున్న యువ వైద్యుడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చదువు పూర్తయి రెండేళ్లు కాలేదు. అదే అతని మొదటి పరిశోధన. “నేను అన్నీ చెప్పాను మేడం. సంతకం కూడా పెట్టాడు” అన్నాడు.

“మీరు చెప్పారు. ఆయన సంతకం పెట్టారు. మధ్యలో జరగాల్సిందేదో జరగలేదు. మళ్ళీ చెప్పండి.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. ఆయన లేచే ఉన్నారుగా.”

అతను చెప్పాడు. లేత్ పనివాడు తిరిగి చెప్పబోయి తప్పాడు. “మళ్ళీ” అన్నారు మేడం గారు. డాక్టరు మళ్ళీ చెప్పాడు, పనివాడు మళ్ళీ తప్పాడు. నాలుగోసారికి ఆ కుర్రడాక్టరు చేతులు రెండూ జోడించి, “అయ్యా, మీ డబ్బాలోవి అన్నీ ఒకటే రకం. ఉంటే అన్నీ నిజమైనవి, లేకపోతే అన్నీ ఉత్తవి. సగం అన్నది బిళ్ళల్లో కాదు, మనుషుల్లో” అన్నాడు.

“ఆ ముక్క ముందే చెప్పి ఉంటే నా తల పగిలేది కాదుగా సారూ!” అన్నాడు లేత్ పనివాడు. ఆ మాటకు వార్డంతా నవ్వింది. ఒక్క మేడం గారు నవ్వలేదు. ఆ మనిషి బాగై ఇంటికి వెళ్ళాడు. పరీక్ష మాత్రం ఆరు నెలలు ఆగిపోయింది. ఆ కుర్రడాక్టరు పరిశోధన అనే మాట మళ్ళీ ఎత్తలేదు. తరవాత ఎప్పుడో మేడం గారు అన్నారు నాతో, “ఆ అబ్బాయికి ఎవరూ నేర్పలేదండీ. కత్తి పట్టడం నేర్పాం, మాట చెప్పడం నేర్పలేదు” అని.

రెండు వేల మూడులో శిక్షణ, పరిశోధన నిధుల విభాగం ఏర్పడినప్పుడు దాని బాధ్యతను స్వీకరించమంటే, ఒక్క షరతు కూడా పెట్టకుండా ఆవిడ ఒప్పుకున్నది ఇందుకేనని నా నమ్మకం. అప్పటి సంగతి ఇప్పటి పిల్లలకు తెలియదు. పరిశోధన చేద్దామని ఉబలాటపడే కొత్త వైద్యుడు నిధి కోసం వెళ్తే, “ఇదివరకు ఏ నిధి అయినా నిర్వహించారా?” అనేవారు. ఈత వస్తేనే నీళ్లలోకి దిగనిస్తామన్నట్టు. పగలంతా వార్డు, సాయంత్రం ఓపీ, ఆపైన కళ్ళు మూతలు పడుతుంటే దరఖాస్తు. ఏ ఏటికాయేడు అవే పెద్ద పేర్లకు అవే పెద్ద మొత్తాలు. చెట్టు కింద మొక్క ఎదగనట్టే. ఈ విషయంలో నాకు సానుభూతి ఉంది. పైనున్నవాళ్ళ నీడలో ఎదగకపోవడమంటే ఏమిటో నాకు తెలుసు.

మేడం గారు కాళ్ళరిగేలా తిరిగి, చదువు ముగిసి ఏడేళ్లు దాటని వైద్యులకు మాత్రమే ఇచ్చే ‘తొలి అడుగు’ నిధిని సాధించారు. ఆ నిధి పొందినవారికి వారంలో రెండు రోజులు వార్డు పని నుంచి విడుదల ఇప్పించారు. పరిశోధన ప్రశ్న వేయడం, ఎంతమంది రోగులు కావాలో లెక్కగట్టడం, ఖర్చుల పట్టిక వేయడం, నైతిక సంఘం అనుమతి అడగడం నేర్పే వారం రోజుల తరగతులు పెట్టించారు. ఒక్కొక్కరికి ఒక్కో పెద్ద పరిశోధకుణ్ణి గురువుగా కుదిర్చారు, కుదరనిచోట పోట్లాడి కుదిర్చారు. “వార్డులో మనుషుల్లేక చస్తుంటే వీళ్ళని లెక్కలు నేర్చుకోడానికి పంపాలా?” అని ఒక పెద్ద డాక్టరు మా హాల్లోనే మైకు ముందు ఎగిరిపడ్డారు. “ఇప్పుడు పంపకపోతే పదేళ్ల తరవాత కూడా మీ వార్డులో ఇవే ప్రశ్నలుంటాయి సార్, జవాబులుండవు” అన్నారావిడ. మైకు నేను ఆపలేదు. పెద్ద డాక్టరు గారు ఆపమని సైగ చేసినా ఆపలేదు.

ఇక కుర్చీ.

తొలి అడుగు నిధి వచ్చేనాటికి నేను స్ట్రెచర్ వదిలి హాలుకు మారాను, దరఖాస్తు పంపేముందు డాక్టర్లకు ఆవిడ అక్కడ పెట్టిన పరీక్ష ఇది. హాల్లో కిటికీ పక్కన రెక్సిన్ చిరిగిన ఇనుప కుర్చీ ఒకటి, దాని ఎదుట ఒక స్టూలు. కుర్చీలో నేను, స్టూలు మీద దరఖాస్తు పెట్టుకున్న డాక్టరు. లోకంలో మామూలుగా ఇది తిరగబడి ఉంటుందని మీకందరికీ తెలుసు. నా చేతిలో టీ. అది తాగడం పూర్తయ్యేలోగా ఆ డాక్టరు తన పరిశోధన ఏమిటో నాకు చెప్పాలి. చెప్పింది నేను తిరిగి చెప్పాలి. మేడం గారు మా ఇద్దరికీ వీపు పెట్టి కిటికీ దగ్గర నిలబడి వింటారు. వీపెందుకంటే, మొహం చూస్తే తలకాయ ఊపడం కనబడుతుంది, తలకాయ ఊపడం అర్థం కావడం కాదు అనేవారు. నేను సరిగ్గా చెబితే దరఖాస్తు కదులుతుంది. తప్పితే కిటికీ దగ్గర నుంచి ఒకటే మాట, “మళ్ళీ.” తప్పు నాది కాదు, స్టూలుది. అది ఆ హాలు ధర్మం. ఇందుకు నాకు జీతం కాక విడతకు, అంటే ఒక్కో డాక్టరుకు, వంద ముట్టేది. అది అల్పాహారం ఖర్చు కింద చూపేవారు, ఎందుకంటే వినడానికి డబ్బిచ్చే పద్దు ఏ సంస్థలోనూ లేదు.

నా చదువులేనితనాన్ని తూకపురాయిలా వాడుకున్నారని మా స్టాఫ్ గదిలో కొందరు వెక్కిరించారు. వెక్కిరించనీ. మా బళ్ళో మాస్టారు బెత్తం పట్టుకుని “ఏం అర్థమైందిరా నీకు?” అని అడిగేవారు. ఆ తరవాత ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. మేడం గారు అడిగారు. బెత్తం లేకుండా, నా జవాబు కోసం ఒక డాక్టరును స్టూలు మీద కూర్చోబెట్టి మరీ అడిగారు. “నాకు అర్థం కాలేదు” అని తలెత్తుకుని చెప్పగలిగిన కుర్చీ ఈ భవనం మొత్తం మీద అదొక్కటే. దాన్నే ఆవిడ తీసేసుకున్నారు.

అది తొలి అడుగు నిధికి ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటికి పోర్టల్ మూసేస్తారు. మధ్యాహ్నం మూడు దాటాక వచ్చాడు మనం ‘ఎక్స్‌ప్రెస్’ అని పిలిచే డాక్టరు. అప్పుడింకా కుర్రవాడు. రెండుసార్లు దరఖాస్తు పెట్టి రెండుసార్లూ పోగొట్టుకున్నాడు. పై నెలతో అతని ఏడేళ్లు నిండుతాయి. ఈసారి పోతే ఇక ఈ జన్మకు లేదు. అందుకని మామూలుకన్నా వేగంగా మాట్లాడుతున్నాడు.

“బాబాయ్, షుగర్ పేషెంట్లు, అరికాలు పుళ్ళు, మామూలు కట్టు ఒకళ్ళకి, మెత్తటి బూటు ఒకళ్ళకి, చీటీ తీసి, పన్నెండు వారాలు, పుండు కొలత, అంతే బాబాయ్!”

నేను టీ సగం కూడా తాగలేదు. తిరిగి చెప్పాను. “షుగర్ జబ్బుతో కాలికి పుండు పడ్డవాళ్ళని చీటీ వేసి రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకి కట్టు, ఒక గుంపుకి మెత్తటి బూటు. పన్నెండు వారాలకి పుండు కొలుస్తారు. కొలిచే మనిషికి మాత్రం ఎవరిది ఏ గుంపో తెలియనివ్వరు.”

ఎక్స్‌ప్రెస్ ఎగిరి గంతేశాడు. “బాబాయ్, నీ కాళ్ళకి దండం!”

కిటికీ దగ్గర వీపు కదిలింది. ఆవిడ మా వైపు తిరిగారు. ఇన్నేళ్లలో తిరగడం అదే మొదలు.

“కొలిచే మనిషికి తెలియనివ్వరని డాక్టరు గారు చెప్పారా?”

“కాగితంలో ఉంది మేడం!” అన్నాడు ఎక్స్‌ప్రెస్.

“కాగితంలో ఉంది. మీ నోట్లోంచి రాలేదు. హాలు గారూ, మీకెలా తెలుసు?”

“ఎలా తెలియడమేంటమ్మా? ఎవరు చేసినా అట్లాగే కదా చేస్తారు” అన్నాను.

ఆవిడ నన్ను తేరిపార చూశారు. “అయిపోయిందండీ. మీరు పాడైపోయారు.”

“నేనేం చేశానమ్మా?”

“మీకు తెలిసిపోయింది. పుండు పడ్డ మనిషికి మీకు తెలిసినంత తెలియదు. మీరిక ఆ కుర్చీలో కూర్చుంటే వాళ్ళ తరఫున కూర్చున్నట్టు కాదు.” ఆ తరవాత మళ్ళీ కిటికీ వైపు తిరిగి, “ఇటు కిటికీ దగ్గరికి రండి” అన్నారు. పడమటి ఎండ ఆవిడ మొహాన కొడుతోంది. నేను వెళ్లి తెర లాగి, మైకుల గదిలోకి వెళ్ళిపోయాను. ఏళ్ల తరబడి చేసిన పనిలోంచి, పని బాగా వచ్చిందన్న నేరానికి నన్ను లేపేశారు. ఇటువంటి న్యాయం ఎక్కడైనా ఉందా అని నన్ను నేనే అడుక్కుంటూ వైర్లు చుడుతున్నాను.

బయట ఎక్స్‌ప్రెస్ లబలబలాడుతున్నాడు. “మేడం, ఇప్పుడు నా గతేంటి?”

“వినేవాళ్ళని వెతకండి. ఐదు దాకా టైముంది.”

పాపం, ఆ తెల్లకోటు కారిడార్లో పరిగెత్తని చోటు లేదు. సెక్యూరిటీ మనిషి డ్యూటీ వదిలి రానన్నాడు. లిఫ్టు నడిపే ఆయన, “నేనెప్పుడో పాడైపోయాను సార్, పొద్దస్తమానం లిఫ్టులో మీ గోలేగా” అన్నాడు. సరిగ్గా అప్పుడే మా ఆవిడ, నేను ఇంట్లో మరిచిపోయిన కళ్ళజోడు పట్టుకుని హాల్లోకి వచ్చింది. ఆవిడ దర్జీ పని చేస్తుంది. కొలత టేపు మెళ్ళోనే ఉంది. నేను మైకుల గదిలోంచి బయటికొచ్చాను.

“ఏమయ్యా, కళ్ళు ఇంట్లో పెట్టి వస్తే ఇక్కడేం చూస్తావు? నాకవతల జాకెట్లిచ్చే టైమైంది” అంటూ తిరిగి వెళ్లబోతుంటే ఎక్స్‌ప్రెస్ దారికడ్డంగా నిలబడ్డాడు. “పిన్నీ, టీ తాగి వెళ్ళండి. ఒక్క టీ!”

మా ఆవిడ కుర్చీలో కూర్చుంది. నా కుర్చీలో. అతను మొదలుపెట్టాడు. రెండో ఊపిరి తీయకముందే ఆవిడ చెయ్యి ఎత్తింది.

“ఆగు నాయనా. వెనక కుక్కలేమన్నా తరుముతున్నాయా? నువ్వు పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా లేదా?”

“లేదు పిన్నీ.”

“అదీ సంగతి. ఆ బిస్కెట్లు ఇటు తీసుకో. నమిలి మింగి, అప్పుడు చెప్పు.”

అతను నమిలి మింగాడు. పరిశోధన గురించి ఆ కుర్రవాడు మెల్లగా మాట్లాడ్డం నేను అప్పుడే చూశాను. చెప్పిందంతా విని మా ఆవిడ కొలత టేపు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“చీటీ తీసి మనిషి కాలు తేలుస్తారా? ఇదెక్కడి అన్యాయం నాయనా? నువ్వు డాక్టరువి, ఎవరికి బూటివ్వాలో నీకు తెలియదూ?”

“మళ్ళీ” అన్నారు కిటికీ దగ్గర నుంచి.

“నేనే ఎంచితే పిన్నీ...” అని ఆగాడు. ఆలోచించాడు. “నేనే ఎంచితే, చెప్పిన మాట వినేవాళ్ళకి, తొందరగా నయమవుతుందనిపించిన వాళ్ళకి బూటు ఇచ్చేస్తాను. నాకు తెలియకుండానే ఇచ్చేస్తాను. అప్పుడు నయమైంది బూటు వల్లో, మనిషి వల్లో ఎట్లా తెలుస్తుంది? ఏది మంచిదో నిజంగా నాకింకా తెలియదు పిన్నీ. తెలిస్తే అందరికీ అదే ఇచ్చేవాణ్ణి.”

మా ఆవిడ టీ పక్కన పెట్టింది. “నీకు తెలియదని ముందే చెప్పొచ్చుగా. తెలియనప్పుడు చీటీయే నయం. నీకు తెలిసి కూడా చీటీ తీస్తున్నావనుకున్నాను.”

అంతా తిరిగి చెప్పింది. గుంపులు, బూటు, కట్టు, వారాలు. కొలిచే మనిషి సంగతి మూడోసారికి వచ్చింది. ఐదు కొట్టకముందే దరఖాస్తు పోర్టల్లో పడింది. నిధి అతనికి దక్కింది. ఈనాడు మన కాలి పుళ్ళ క్లినిక్కు అతనిదే. ఇప్పటికీ అందరితో ఎక్స్‌ప్రెస్సే గానీ, పుండు పడ్డవాళ్ళ దగ్గర మాత్రం ప్యాసింజరు. ప్రతి స్టేషన్లో ఆగుతాడు.

ఆ రోజు నుంచి కుర్చీ మా ఆవిడది. డబ్బు మా ఇంటికే వస్తోంది గదా, నీకేం పోయిందని మీరనవచ్చు. చాలామంది అన్నారు. వాళ్లకు మా ఇల్లు తెలియదు. సాయంత్రం ఆవిడ వచ్చి, “ఇవాళ గుండె గురించి విన్నానయ్యా, రెండు రకాల స్ప్రింగులట” అంటుంది. నాకు నాలుక దురద పెడుతుంది. “ఆ పరీక్షలో అసలు కిటుకేంటంటే” అని నోరు తెరుస్తానో లేదో, రెండు చెవులూ మూసుకుంటుంది. “చెప్పకు! చెప్పకు! నేను పాడైపోతాను!” ఇదీ నా సంసారం. ఇన్నేళ్లు విన్నదంతా లోపల గూడు కట్టుకుని ఉంది. ఆఫీసులో అడిగేవాడు లేడు, ఇంట్లో వినే దిక్కు లేదు. ఖాళీ హాల్లో కుర్చీలు ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు సర్దుతుంటాను. చూసేవాళ్ళు పని అనుకుంటారు.

మేడం గారి ఇంట్లోనూ పరిస్థితి వేరుగా లేదని వారి భర్త గారు, రిటైరైన బస్సు డ్రైవరు, గేటు దగ్గర స్కూటరు మీద ఎదురుచూస్తూ నాతో అన్నారొకసారి. “పాల ప్యాకెట్ తెమ్మని చెప్పి, ఏం చెప్పానో చెప్పమంటుందయ్యా. ముప్పై ఏళ్లు యాభైమందిని కూర్చోబెట్టుకుని బండి నడిపినవాణ్ణి!” అన్నారు. కోపంగా కాదు, ఆ మనిషి మొహంలో అప్పుడున్నది గర్వమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, ఎందుకంటే నాకు స్థిమితంగా లేదు. ఒకటో తారీకు నుంచి హాల్లో ఈ వినడం, చెప్పడం ఉండవట. మన అకౌంట్సు ఆఫీసరు గారు, ‘కత్తెర’ అని మీ అందరికీ పరిచయమే, దరఖాస్తు ఫారంలో ఒక గడి పెట్టించారు. ‘ఈ పరిశోధన సామాన్యునికి అర్థమగు రీతిలో వివరింపబడినది: అవును, కాదు.’ ఒక టిక్కు కొడితే సరి. ‘కాదు’ అని కొట్టే మనిషి తల్లి కడుపున పుట్టాడా? ఆ లేత్ పనివాడి డాక్టరు కూడా ‘అవును’ అనే కొట్టేవాడు, ప్రమాణం చేసి కొట్టేవాడు. నేను ఆగలేక కత్తెర గారి గదికి వెళ్ళాను.

“కుర్చీ తీసేస్తున్నారటగా సార్?”

“ఏ కుర్చీ బాబాయ్? అల్పాహారం తప్ప నాకేం కనబడట్లేదు. లేని కుర్చీని నేనెట్లా తీసేస్తాను?”

ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు. కాగితం మీద నిజంగానే లేదు.

పోయిన బుధవారం వీడ్కోలు సభకు వరసలు వేస్తుంటే మేడం గారు ఒక్కరే హాల్లోకి వచ్చారు. తిన్నగా వెళ్లి ఆ చిరిగిన కుర్చీలో కూర్చున్నారు. ఆవిడను అందులో చూడ్డం నాకదే మొదలు.

“ఇది కుంటుతోందండీ.”

“ఎనిమిదేళ్లుగా కుంటుతోంది. నన్నెవరడిగారు?”

“ఇంకా కోపమేనా?”

“కోపం కాదమ్మా. పని రానివాణ్ణి తీసేస్తారు, పద్ధతి. పని వచ్చినవాణ్ణి తీసేసి, మళ్ళీ ఆ వైపు చూడలేదు మీరు.”

“తీసెయ్యలేదు. కిటికీ దగ్గరికి రమ్మన్నాను. విని, పట్టుకోవాల్సింది పట్టుకోడానికి తెలిసినవాళ్ళే కావాలి. నేనొక్కదాన్నే అక్కడెన్నాళ్ళు నిలబడతాను? మీరు రాలేదు. ఇష్టం లేదేమో అనుకున్నాను.”

“ఎండ పడుతోందని తెర వెయ్యమన్నారనుకున్నానమ్మా” అన్నాను.

ఆవిడ నవ్వబోయి ఆగిపోయారు. నేను మాత్రం ఆగలేదు. “ఊళ్ళోవాళ్ళందరి చేతా మళ్ళీ మళ్ళీ చెప్పించారు. నాకు మాత్రం ఒక్కసారి చెప్పి ఊరుకున్నారా?”

ఆవిడ కుర్చీలోంచి లేచి నా ఎదుట నిలబడి, ఒక్కో మాటా విడదీసి, స్టూలు మీద కూర్చున్నవాళ్ళు చెప్పాల్సిన పద్ధతిలో చెప్పారు.

“హాలు గారూ, నేను వెళ్ళిపోతున్నాను. కిటికీ దగ్గర మీరు నిలబడాలి. పిల్లలు చెప్పేది మీ ఆవిడ వింటారు, ఆవిడ తిరిగి చెప్పేది మీరు వినాలి. తప్పితే ‘మళ్ళీ’ అనాలి. ఏం చెప్పానో చెప్పండి.”

తిరిగి చెప్పాను. ఒక్కసారికే వచ్చింది.

“కత్తెర గారు కుర్చీ లేదంటున్నారమ్మా” అన్నాను.

“అందుకే మిమ్మల్ని రాయమన్నాను. పొగడ్తలు వాళ్ళు రాస్తారు. మీరు ఫిర్యాదు రాయండి, ఎంత పోయిందో మొత్తంతో సహా. సంచిక మొదటి పేజీలో డైరెక్టరు గారి సంతకం ఉంటుంది. తాము సంతకం పెట్టిన పుస్తకంలో పోయిందని రాసిన కుర్చీని, అసలు లేదని ఎలా అంటారో చూద్దాం.”

అంటారో, అనరో. ఈ వాక్యం రాస్తున్న సమయానికి నాకు తెలియదు. తెలిసిందల్లా ఒకటో తారీకున హాలు తాళం తీసేది నేనే, తీశాక నిలబడేది ఎక్కడో కూడా నేనే తేల్చుకుంటాను. మా ఆవిడ కూడా ఎంతో కాలం ఉండదు. మొన్న ఎవరూ చెప్పకుండానే “మరి రెండో గుంపు మాటేంటి?” అన్నది. పాడైపోతోంది. కొత్త మనిషిని వెతకాలి. ఈ సంచిక చదువుతున్నవారిలో మా పరిశోధనల గురించి బొత్తిగా ఏమీ తెలియనివారెవరైనా ఉంటే హాల్లో నన్ను కలవగలరు.

ఇంతటి కార్యదీక్ష, ఇంతటి మొండితనం, మాటకూ అర్థానికీ మధ్య ఇంతటి పహరా కలిగిన మా మేడం గారు, బస్సు డ్రైవరు గారితో కూడి, గంటలు చూసుకోనక్కరలేని ఉదయాలు ఎన్నెన్నో చూడాలని, వారి నాడి పట్టే పని ఏ వైద్యునికీ చిరకాలం కలగకూడదని, ఒకవేళ ఎప్పుడైనా ఒక యువ వైద్యుడు వారి మంచం పక్కన కూర్చుని కాగితం చాపవలసి వస్తే, అతడు మన హాల్లో ఆ స్టూలు మీద చెమటలు కక్కి వెళ్ళినవాడే కావాలని, ఆవిడ “మళ్ళీ” అన్నప్పుడు విసుక్కోకుండా మళ్ళీ చెప్పాలని, నా పక్షాన, మా ఆవిడ పక్షాన, చేతికందిన మెత్తటి బూటుతో నడుస్తూ మనకు తెలియని వీధుల్లో ఉన్న వారందరి పక్షాన కోరుకుంటున్నాను.

మేడం గారి ఆదేశానుసారం మొత్తం దిగువన తెలియజేయడమైనది. వినేవాడి కుర్చీ నా వద్ద నుంచి తీసుకున్న నాటి నుండి నేటి వరకు దాని ఎదుట స్టూలు మీద కూర్చున్న యువ వైద్యులు రెండు వందల ఎనభై ఏడుగురు. విడతకు వంద. నేను పోగొట్టుకున్నది అక్షరాలా ఇరవై ఎనిమిది వేల ఏడు వందలు మాత్రమే.